ప్రాసెసర్ కాగిపోతోందంటే వేడి దారిలో ఎక్కడో చిక్కుకుందన్నమాట

మే నెల మధ్యాహ్నం మూడింటికి గుంటూరు నుంచి మా బావ ఫోన్ చేశాడు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం ఆయన వృత్తి. ముహూర్తాల కాలం కావడంతో చేతినిండా పని ఉంది. తీరా వీడియోను ఎక్స్‌పోర్ట్‌కు, అంటే ఎడిట్ చేసినదాన్ని తుది ఫైలుగా మార్చడానికి, పెట్టేసరికి కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది, అరగంటకోసారి దానంతటదే ఆగిపోతోంది. దుకాణంలో చూపిస్తే సీపీయూ వేడెక్కుతోందని చెప్పి, క్యాబినెట్‌కు ఇంకో ఫ్యాను బిగించి పంపారట. రెండు రోజులకు మళ్లీ అదే కథ. ఇప్పుడు ఎనిమిది వేలు పెట్టి నీళ్లతో వేడి లాగే లిక్విడ్ కూలర్ వేయించుకోమంటున్నారు.

"వేయించేదా?" అని ఆయన ప్రశ్న.

"ఆగు బావా, వేడి ఎక్కడ ఆగిపోతోందో ముందు చూద్దాం" అన్నాను. ఆదివారం వెళ్లి చూసేదాకా నాకూ సంగతి తెలియదు.

అసలు తికమక మాటలోనే మొదలవుతుంది. మన దగ్గర బల్ల కింద ఉండే డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటాం. నిజానికి సీపీయూ అంటే ఆ డబ్బాలో మదర్‌బోర్డు మీద కూర్చున్న ప్రాసెసర్ ఒక్కటే, అగ్గిపెట్టెకంటే చిన్నది. "సీపీయూ వేడెక్కింది" అన్నప్పుడు డబ్బాలోని గాలి వేడెక్కిందా, ప్రాసెసర్ వేడెక్కిందా అన్నది తేలకపోతే మందు ఒకచోట, రోగం ఒకచోట అవుతుంది. బావ విషయంలో జరిగింది అదే.

ప్రాసెసర్ తీసుకునే కరెంటు దాదాపు అంతా వేడిగానే బయటికి వస్తుంది. మోటారైతే కొంత కరెంటుతో నీళ్లు తోడుతుంది. ప్రాసెసర్ ఏ బరువూ ఎత్తదు. 65 వాట్లు లోపలికి వెళితే 65 వాట్ల వేడి బయటికి రావలసిందే. కాబట్టి వేడి పుట్టడం లోపం కాదు. అది ఎంత చిన్న జాగాలో పుడుతుందన్నదే చిక్కు. ఇంట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. ఇంటెల్ కోర్ ఐ9-13900కె అనే ప్రాసెసర్ పూర్తి బలంతో పరుగెత్తితే 253 వాట్లు తీసుకోగలదు. దాని చిప్ వైశాల్యం సుమారు 2.6 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు దగ్గర దగ్గర వంద వాట్లు, అంటే ఇస్త్రీపెట్టెకు ఇరవై రెట్లు. పైగా ఇస్త్రీపెట్టె బట్టలు కాలేంత వేడెక్కినా దానికేమీ కాదు. ఈ చిప్ మాత్రం 100 డిగ్రీల లోపే ఉండాలి.

ఆ వేడి సిలికాన్ నుంచి పైనున్న లోహపు మూతకు, అక్కడి నుంచి దానిమీద పూసే థర్మల్ పేస్ట్ పొరకు, తర్వాత ఆ పైన బిగించే కూలర్ (రేకులూ ఫ్యానూ ఉండే లోహపు దిమ్మ) అడుగుకు, దాని రేకులకు, డబ్బాలోని గాలికి, గదికి, చివరికి కిటికీ బయటికి పోవాలి. పంట కాలువ లాంటిదే ఇది. ఏ లాకు దగ్గర అడ్డుపడినా నీళ్లు ఎగువకు ఎగదన్నుతాయి. ఎగువన ఉన్నది ప్రాసెసర్. మనకు తెరమీద కనిపించే అంకె అక్కడిదే కాబట్టి, అడ్డు ఎక్కడ పడినా తప్పు ప్రాసెసర్‌దేనన్నట్టు కనిపిస్తుంది.

అడ్డు ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక తేలిక దారి ఉంది. ఎంత వేడెక్కింది అన్నదానికంటే ఎంత త్వరగా వేడెక్కింది అన్నది చూడాలి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత కనిపించదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో గాని, కోర్ టెంప్ గాని, అలాంటి ప్రోగ్రాము ఒకటి వేసుకోవాలి. ఖాళీగా ఉన్నప్పటి అంకె రాసుకుని, ఒక బరువైన పని అప్పజెప్పి చేతిలో గడియారం పట్టుకోవాలి. ఒకటి రెండు సెకన్లలోనే 100కు ఎగబాకితే వేడి కూలర్ దాకా చేరనే లేదన్నమాట. పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, కూలర్ సరిగా ఆనకపోయి ఉంటుంది, లేదా కొత్తగా బిగించినప్పుడు కూలర్ అడుగున అంటించి ఉండే ప్లాస్టిక్ పొరను తీయడం మరచిపోయి ఉంటారు. నవ్వకండి, కంప్యూటర్లు బిగించేవారికి ఇది పాత పరిచయమే. అలా కాకుండా పది పదిహేను నిమిషాలపాటు మెల్లగా ఎక్కుతూ పోతే వేడి కూలర్‌కు చేరింది గాని గాలిలోకి పోవడం లేదు. దుమ్ము, ఫ్యాను, డబ్బా, గది, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి. ఏ పనీ చెప్పకుండానే 70, 80 చూపిస్తుంటే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి మనకు తెలియకుండా ఏదైనా నడుస్తోందేమో చూడాలి. వైరస్ స్కానింగ్ కావచ్చు, బ్రౌజర్‌లో మరచిపోయిన ట్యాబ్ కావచ్చు, మన కరెంటుతో ఎవరికోసమో క్రిప్టో నాణేలు తవ్విపెట్టే దొంగ ప్రోగ్రామూ కావచ్చు. అవేవీ లేకుండా లిక్విడ్ కూలర్ ఉన్న యంత్రం ఖాళీగానే కాగిపోతుంటే దాని పంపు ఆగిపోయిందేమోనని అనుమానించాలి.

బావ కంప్యూటర్లో ఉన్నది పదో తరం కోర్ ఐ5, పేరుకు 65 వాట్ల ప్రాసెసర్. ఖాళీగా 50 డిగ్రీల దగ్గర ఉంది. ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కాం. నేను "రెండు" అనేలోపే 100 చూపించింది. మరుక్షణం వేగం 4 గిగాహెర్ట్జ్ నుంచి జారడం మొదలైంది. కొత్తగా బిగించిన ఫ్యాను వెనక బుద్ధిగా తిరుగుతూనే ఉంది, దాని గాలి చల్లగానే ఉంది. చల్లగా ఉండడమే అసలు ఆనవాలు. లోపల నిజంగా వేడి గాలి ఉంటే ఆ ఫ్యాను వెచ్చటి గాలిని బయటికి కొట్టాలి కదా.

పక్క పలక విప్పి కూలర్ మీద వేలు పెట్టి మెల్లగా కదిపితే ఒక మూల ఊగింది. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు వచ్చే గుండ్రటి కూలర్‌కు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. పిన్ను తలను నొక్కితే కింది కాళ్లు మదర్‌బోర్డు రంధ్రంలోంచి అవతలికి వెళ్లి విచ్చుకుని పట్టుకోవాలి, టక్కుమని చప్పుడు రావాలి. ఒకటి పైకి లేచిపోయింది. దుకాణంలో ఫ్యాను బిగించేటప్పుడు ఎవరి చేయి తగిలిందో, మొదటి నుంచే సరిగా పడలేదో తెలియదు. ఒక మూల లేస్తే కూలర్ అడుగు వెంట్రుకవాసి వాలుతుంది. ఆ సందులో చేరేది గాలి.

గాలి ఎంత చెడ్డ వాహకమో అంకెలు చూస్తే తెలుస్తుంది. రాగి ఉష్ణవాహకత సుమారు 400, అల్యూమినియానిది రెండు వందల పైచిలుకు, మంచి థర్మల్ పేస్ట్‌ది 5 నుంచి 12 మధ్య, గాలిది 0.026. అంటే రాగితో పోలిస్తే పేస్ట్ ఏమంత గొప్ప వాహకం కాదు. దాని ఉద్యోగం వేరు. కంటికి నున్నగా కనిపించే లోహపు తలాల మీద సూక్ష్మమైన గుంటలుంటాయి. వాటిలోని గాలిని తరిమేసి తాను కూర్చోవడమే పేస్ట్ పని. అందుకే ఎక్కువ పూస్తే మంచిదనుకోవడం పొరపాటు. నడిమధ్యన శనగగింజంత పెడితే చాలు, కూలర్‌ను బిగించే ఒత్తిడే దాన్ని పరుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండిపోతుంది, వేడికీ చల్లదనానికీ లోహాలు వ్యాకోచించి సంకోచించినప్పుడల్లా అంచులకు తరిమివేయబడుతుంది కూడా. కూలర్ ఒకసారి లేచిందంటే పాత పేస్ట్‌తోనే మళ్లీ నొక్కి కూర్చోబెట్టకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి కొత్తది పెట్టాలి.

అలాగే చేశాం. మదర్‌బోర్డు వెనకవైపు చూసి నాలుగు రంధ్రాల్లోనూ కాళ్లు విచ్చుకున్నాయని నిర్ధారించుకున్నాకే మూత పెట్టాం. ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంటెల్‌కు పోటీ కంపెనీ అయిన ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే పాత ఏఎం4 రకం బోర్డుల్లో కూలర్‌ను నిలువుగా లాగితే ఎండిన పేస్ట్‌కు అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి రావచ్చు, దాని కాళ్లు వంగిపోవచ్చు. కాసేపు కంప్యూటర్ నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక ఆపేసి, కూలర్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ తీయాలి.

మళ్లీ ఎక్స్‌పోర్ట్ పెట్టాం. ఈసారి గదిలో 37 డిగ్రీలున్నా 84 దగ్గర నిలకడగా ఉంది. బావ ముఖం విప్పారింది. డబ్బాను తీసుకెళ్లి కంప్యూటర్ బల్లలోని దాని అరలో పెట్టాడు. పావుగంటలో 92.

మన ఇళ్లలో కంప్యూటర్ బల్ల అంటే తెలుసు కదా. డబ్బాకు ఒక అర, దానికి మూడు వైపులా చెక్క, వెనక గోడ. కొన్నిటికి ముందు తలుపు కూడా. ఇక దుమ్ము పడకుండా గుడ్డ తొడుగు ఒకటి. డబ్బా వెనకనుంచి తోసిన వేడి గాలి గోడకు కొట్టుకుని తిరిగి ముందునుంచి లోపలికే వస్తుంది. తాను వదిలిన గాలినే తాను పీలుస్తుంది. డబ్బాను అరలోంచి బయటికి లాగి నేల మీద జానెడు ఎడంగా పెడితే మళ్లీ 84కు దిగింది. ఒకే యంత్రంలో రెండు అడ్డులు. మొదటిది సెకన్లలో బయటపడింది, రెండోది నిమిషాల్లో.

గది సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మన వేసవి లెక్కే వేరు. కూలర్ సామర్థ్యాన్ని ఒక్కో వాట్‌కు ఎన్ని డిగ్రీలు పెరుగుతుందన్న దాన్నిబట్టి కొలుస్తారు. వాట్‌కు అర డిగ్రీ అనుకుందాం. 80 వాట్ల పనికి ప్రాసెసర్ చుట్టూ ఉన్న గాలికంటే 40 డిగ్రీలు పైన ఉంటుంది. జనవరిలో గది 24 ఉంటే అది 64. రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 45 దాటి, గది 40కి చేరిన రోజున 80. కూలర్ మారలేదు, పేస్ట్ మారలేదు, పని మారలేదు. 20, 22 డిగ్రీల గదుల్లో చేసిన సమీక్షల్లోని అంకెలను మన మే నెలకు అన్వయించుకుని కంగారుపడేవారు ఈ తేడాను కూడుకోవాలి. అంతేకాక వేడెక్కిన సిలికాన్‌లో కరెంటు లీకేజీ పెరుగుతుంది, అదే పనికి కొన్ని వాట్లు అదనంగా ఖర్చవుతాయి, అవీ వేడిగానే మారతాయి.

టేబుల్ ఫ్యాను పెడితే చల్లబడదా అని అడుగుతారు. ఫ్యాను గాలి మనకు చల్లగా తగలడానికి కారణం చెమట ఆవిరి కావడం. కంప్యూటర్‌కు చెమట పట్టదు. పక్క పలక తీసి ఫ్యాను పెడితే ఇరుక్కున్న వేడి గాలి పోతుంది కాబట్టి అత్యవసరానికి పనికొస్తుంది గాని, గది 40 ఉంటే ఏ ఫ్యానూ దేన్నీ 40కంటే కిందికి దించలేదు. పైగా దుమ్మును నేరుగా లోపలికి ఆహ్వానించినట్టే. తడిగాలి కొట్టే ఎయిర్ కూలర్‌ను డబ్బావైపు తిప్పడం అంతకంటే తెలివితక్కువ పని.

లిక్విడ్ కూలర్ కూడా ఈ సూత్రానికి అతీతం కాదు. నీళ్లు వేడిని మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర వదిలేది ఆ గది గాలిలోకే. 200 వాట్లు దాటే ప్రాసెసర్లకు, రేడియేటర్ వైశాల్యం ఎక్కువ కాబట్టి అది అవసరం కావచ్చు. 65 వాట్ల దానికి ఎనిమిది వేల రూపాయల నీళ్లు దండగ అన్నది నా అభిప్రాయం.

ఇక అంకెల భయం. 90 చూడగానే ప్రాసెసర్ కాలిపోతుందని గాభరాపడేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఏఎండీ తన రైజెన్ 7000 వరుసను పూర్తి బరువు మీద 95 డిగ్రీల దగ్గర నడిచేలాగే తయారుచేసింది. అక్కడికి చేరేదాకా వేగం పెంచుకుంటూ పోతుంది, చేరాక అక్కడే నిలుపుకుంటుంది. పెద్ద కూలర్ పెడితే వేగం పెరుగుతుందేమో గాని అంకె తగ్గకపోవచ్చు. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావాటికి హద్దు 100. హద్దు తాకితే వేగం తగ్గించుకుని తమను తాము కాపాడుకుంటాయి. అప్పటికీ ఆగక ఇంకా పైకి పోతే కరెంటునే కోసేస్తాయి.

ఈ తెలివి మొదటి నుంచీ లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ వారు నడుస్తున్న కంప్యూటర్ల మీద కూలర్లు ఊడబెరికి వీడియో తీశారు. ఇంటెల్ పెంటియం 4 వేగం తగ్గించుకుని, తెరమీది వీడియో గేమ్‌ను కుంటుతూ నడిపింది. ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి చచ్చిపోయింది. అలా గెలిచిన పెంటియం 4 కూడా తర్వాత వేడి చేతిలోనే ఓడిందన్నది ఈ కథలో తమాషా. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ వాటికి కావలసిన వోల్టేజీ కూడా తగ్గుతుందని, అందువల్ల ఎన్ని ఇరికించినా చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి పెరగదని 1974లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్ బృందం చూపింది. మూడు దశాబ్దాలు పరిశ్రమ ఆ ధీమాతోనే వేగం పెంచుకుంటూ పోయింది. ట్రాన్సిస్టర్లు 90 నానోమీటర్ల తరానికి చేరేసరికి కరెంటు లీకేజీ ఆ లెక్కను చెడగొట్టింది. 2004లో వచ్చిన ప్రెస్కాట్ పెంటియం 4, 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర 115 వాట్లకు చేరింది. 4 గిగాహెర్ట్జ్ చిప్‌ను ఇంటెల్ ఆ ఏడే రద్దు చేసుకుంది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో అంతకంటే తక్కువ గిగాహెర్ట్జ్‌తో, 65 వాట్లతో దాన్ని మించిపోయింది. ఈనాడు మన ఫోనులో కూడా ఒకటికి బదులు ఎనిమిది కోర్లు, అంటే లెక్కలు చేసే విభాగాలు, ఉండడానికి ప్రధాన కారణం ఇదే. ఒకే గుర్రాన్ని అదేపనిగా ఉరికించడం వేడి దగ్గర ఆగిపోయింది.

ఇంకో మెలిక కూడా ఉంది. కంప్యూటర్ ఆగిపోయిందంటే ప్రతిసారీ వేడే కారణం కాదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఉన్నట్టుండి తడబడడానికి అతిగా వోల్టేజీ అందడమే కారణమని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుని, ప్రాసెసర్ లోపలి ఆదేశాలకు (మైక్రోకోడ్‌కు) సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పెంచింది. ఆ తరాల ప్రాసెసర్ ఉన్నవారు కూలర్ కొనేముందు, ఆ సవరణ అందేలా మదర్‌బోర్డులోని మూల ప్రోగ్రాము బయోస్‌ను అప్‌డేట్ చేసుకోవాలి. కరెంటు అందించే డబ్బా ఎస్ఎంపీఎస్ బలహీనమైనా కంప్యూటర్ టప్పున ఆరిపోతుంది. వేడి వల్ల ఆరేది సాధారణంగా ముందు నెమ్మదిస్తుంది, ఆరాక వెంటనే ఆన్ చేస్తే కాసేపటికే మళ్లీ ఆరిపోతుంది.

ల్యాప్‌టాప్ అయితే అనుమానించాల్సిన మొదటి ముద్దాయి దుమ్ము. నా ల్యాప్‌టాప్‌ను నాలుగేళ్లకు మొదటిసారి విప్పినప్పుడు ఫ్యాను రెక్కలు పైకి శుభ్రంగానే కనిపించాయి. ఫ్యాను తీసి చూస్తే, దానికీ వేడి గాలి బయటికి పోయే సన్నటి రేకులకూ మధ్య బూడిదరంగు తెర ఒకటి పేరుకుని ఉంది. చిమటాతో పట్టి లాగితే కంబళి ముక్కలా ఒకే పీసుగా ఊడి వచ్చింది. బయటినుంచి ఎంత గాలి ఊదినా అది పోయేది కాదు, లోపలికి ఇంకాస్త బిగుసుకునేది. ఆ రేకులదాకా వేడిని తెచ్చేది బల్లపరుపుగా నొక్కిన రాగి గొట్టం. అందులో గాలి తీసేసి కొద్దిగా నీరు ఉంచుతారు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీరు తక్కువ వేడికే ఆవిరై చల్లటి కొసకు పరుగెత్తి, అక్కడ వేడి వదిలి నీరై, గోడలకున్న వత్తిలాంటి పొర వెంట వెనక్కి పాకుతుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. ఏళ్లతరబడి చెడకుండా పనిచేస్తుంది. దాని చివర దుమ్ము తెర కడితే మాత్రం అదేం చేయగలదు? బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను అగ్గిపుల్లతో ఆపిపట్టడం మరచిపోవద్దు. అతివేగంగా తిరిగితే బేరింగు పాడవుతుంది. పరుపు మీద పెట్టి వాడితే అడుగునుంచి గాలి తీసుకునే రంధ్రాలు మూసుకుపోతాయని అందరికీ తెలుసు, ఎవరూ మానరు. ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుని బతికిపోతుంది గాని, ఆ పక్కనే ఉన్న బ్యాటరీకి అలాంటి ఉపాయం లేదు. వేడికి ముందు దెబ్బతినేది అదే.

దారిలో అడ్డులన్నీ తొలగించాక కూడా వేడి ఎక్కువే అనిపిస్తే పుట్టేచోటే తగ్గించవచ్చు. చాలామంది ఈ దారి చూడరు గాని, దీనికి పైసా ఖర్చు లేదు. ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో పాటు వోల్టేజీ వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 1.30 వోల్టుల నుంచి 1.20కి దించితే తగ్గేది 8 శాతం వోల్టేజీ, కలిసొచ్చేది సుమారు 15 శాతం కరెంటు, వేగం అలాగే ఉంటుంది. దీన్నే అండర్‌వోల్టింగ్ అంటారు. మరీ దించితే కంప్యూటర్ తడబడుతుంది కాబట్టి కొద్దికొద్దిగా దించుతూ పరీక్షించుకోవాలి. 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఈ సౌకర్యానికి తాళం వేశారు. రైజెన్ డెస్క్‌టాప్‌లలో ఎకో మోడ్ ఉంటుంది, ఒక్క మీటతో వాట్ల హద్దు తగ్గుతుంది. ఏదీ లేకపోతే విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి మార్చి చూడండి. ఒక్క శాతమే కదా అనుకోవద్దు. చాలా ల్యాప్‌టాప్‌లలో దానితో టర్బో, అంటే అవసరానికి మామూలును మించి పెంచుకునే వేగం, మొత్తం ఆగిపోతుంది, ఉష్ణోగ్రత పది పదిహేను డిగ్రీలు పడిపోవడం కళ్లముందే కనిపిస్తుంది. వీడియో ఎక్స్‌పోర్ట్‌కు ఇది నష్టమే, ఉత్తరాలు టైపు చేసుకునేవారికి తేడా తెలియదు.

బావకు మొత్తం ఖర్చయింది ఒక పేస్ట్ ట్యూబు. వారం తర్వాత వడ్రంగిని పిలిచి బల్ల అరకు వెనక చెక్క కోయించాడు, బల్లను గోడనుంచి మూరెడు ముందుకు జరిపాడు. గుడ్డ తొడుగు మాత్రం తీయలేదు. ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ ముగిసి, కంప్యూటర్ ఆపాకే కప్పుతున్నాడట.